కోడలు కూర్చుంటేనే ఆగిపోయే కంప్యూటర్

చిరంజీవి సౌభాగ్యవతి కోడలికి, అత్తయ్య మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను, అబ్బాయి, పాప కులాసాగా ఉన్నాం. నువ్వూ అక్కడ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. వేళకు తింటున్నావా? ఫోన్లో అడిగితే "తిన్నానత్తయ్యా" అంటావు గానీ, అడగడం పూర్తి కాకముందే వచ్చే ఆ జవాబును నేను నమ్మను.

పాపకు పంపిన బొమ్మల ఉత్తరంతో పాటు నాకు పెట్టిన కాగితం అందింది. నువ్వడిగిన వాటికి వరసగా రాస్తాను. పాప దగ్గు పూర్తిగా తగ్గింది. కొత్త చెప్పులు కాస్త వదులే, అయినా విప్పమంటే విప్పడం లేదు. పై పన్ను ఊడింది. మింగేశానని ఒక పూట ఏడ్చింది, దిండు కింద దొరికాక ఇంకో పూటంతా దాన్ని గుప్పిట్లో పట్టుకుని తిరిగింది. వంటింట్లో కుళాయి ఇంకా కారుతూనే ఉంది. మీ ఆయన "ఆదివారం చూస్తానమ్మా" అన్నాడు, ఏ ఆదివారమో చెప్పలేదు. ఊరందరికీ నీళ్ళు పంపే పంపుహౌసులో ఉద్యోగం, ఇంట్లో కుళాయికి మాత్రం పాత గుడ్డ చుట్టాడు. నా మోకాళ్ళు మామూలే, మెట్లు ఎక్కకపోతే నన్నేమీ అనవు.

ఆఖర్న ఒకటి అడిగావు, "కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారా అత్తయ్యా?" అని. దానికి జవాబు రాయడానికే ఇంత కాగితం తీసుకున్నాను. కాస్త ఓపిగ్గా చదువు తల్లీ. నీకు తెలిసిన సంగతులే అయినా మొదటి నుంచీ రాస్తాను, లేకపోతే నా తప్పు ఎక్కడ మొదలైందో నాకే అందడం లేదు.

నువ్వు ఇంట్లోనే కూర్చుని బిల్డర్లకు ఇళ్ళ బొమ్మలు చేసి ఇచ్చేదానివి. పునాది కూడా తీయని ఇంట్లో కిటికీలోంచి ఎండ పడుతున్నట్టు, గచ్చు మీద కుర్చీ నీడ ఉన్నట్టు చేసి చూపించేదానివి. దానికోసమే ఆ పెద్ద కంప్యూటర్ కొనుక్కున్నావు. కొన్న కొన్నాళ్ళకే అది ఆగిపోవడం మొదలుపెట్టింది. పగలంతా గీసిన బొమ్మకు రంగులూ నీడలూ రావాలని నువ్వు బటన్ నొక్కేదానివి. లోపల ఫ్యాన్ రొద పెట్టేది. కాసేపటికి తెర నీలంగా మారి అంతా పోయేది. నువ్వు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని "నేనేం చేయలేదత్తయ్యా" అనేదానివి.

నేనేమో పొద్దున్నే దేవుడికి దీపం పెట్టుకుని అదే కంప్యూటర్లో భక్తిపాటలు వినేదాన్ని. ఒక్కనాడు కూడా ఆగలేదు. మీ ఆయన "మా అమ్మ ముట్టుకుంటే మిషన్లకు కూడా భక్తి పుడుతుంది" అని వేళాకోళం చేసేవాడు. నువ్వు నవ్వేదానివి కాదు. నేను చూసి కూడా చూడనట్టు ఉండేదాన్ని. నిజం చెప్పాలంటే నాకు లోపల బాగుండేది. పక్కింటావిడతో "నా దగ్గర బుద్ధిగానే ఉంటుందండీ, మా కోడలు కూర్చుంటేనే మొరాయిస్తుంది" అన్నాను కూడా. నాకు గట్టిగా మాట్లాడటం చేతకాదు కనుక నేనెవరినీ ఏమీ అననని అందరూ అనుకుంటారు. నెమ్మదిగా అన్నా అన్నట్టే కదా.

రిపేరు షాపాయన వచ్చినప్పటి సంగతి గుర్తుందిగా. మూత విప్పి "దుమ్మమ్మగారూ దుమ్ము! దీంతో ఒక పరుపు కుట్టించుకోవచ్చు" అని ఊది పెట్టాడు. అయినా మళ్ళీ ఆగింది. మెమరీ మార్చాడు, మళ్ళీ ఆగింది. కరెంటు అందించే డబ్బా మార్చాడు, విండోస్ మళ్ళీ ఎక్కించాడు. షాపుకు తీసుకెళ్ళి పగలంతా సినిమాలు ఆడించి, "చూడండి, గుర్రంలా పరిగెడుతోంది" అని తెచ్చి పెట్టాడు. నువ్వు బటన్ నొక్కావు, గుర్రం పడిపోయింది.

అప్పుడు నువ్వే అన్నావు, "సెట్టింగుల్లో దాని వేగం తగ్గించి చూడండి" అని. తగ్గించాడు. ఆగడం మానింది గానీ, గంటలో అయ్యే బొమ్మకు రోజంతా పట్టింది.

"అయితే పోయింది ప్రాసెసరేనండీ" అన్నావు.

"ప్రాసెసర్ పోవడం నా సర్వీసులో చూడలేదమ్మా. కంప్యూటర్‌కు మెదడు లాంటిది, అన్నీ పోయాక ఆఖర్న పోయేది అది."

"ఇప్పుడు చూడండి మరి."

ఆయన కాసేపు మీసం గీరుకుని ఒప్పుకున్నాడు. ఫ్యాన్ తీసి, కింద ఉన్న బూడిదరంగు పేస్టును దూదితో తుడిచాడు. బిస్కట్టంత ఉన్న ప్రాసెసర్ రేకు మీది నంబరును ఫొటో తీసి ఇచ్చాడు. ఆ ఫొటో, కొన్న బిల్లు పెట్టి నువ్వు కంపెనీకి ఫిర్యాదు పంపావు. వారంటీ ఇంకా ఉంది, మార్చి ఇస్తారన్నావు. వాళ్ళడిగితే ఆగిపోయేది చూపించాలని వేగాన్ని మళ్ళీ మామూలుకు పెట్టించావు.

ఈలోగా బిల్డరుకు ఇవ్వాల్సిన బొమ్మలు అందలేదు. "మా ఆఫీసుకొచ్చి మా మిషన్ మీద చెయ్యమ్మా, లేదంటే వేరేవాళ్ళను చూసుకుంటాం" అన్నాడు. నువ్వు ఆ ఊరు వెళ్ళి గది అద్దెకు తీసుకున్నావు. "కొత్త ప్రాసెసర్ వస్తే మళ్ళీ ఇంట్లోనే పని, వచ్చేస్తా" అని పాపకు చెప్పి బస్సెక్కావు. ఆఫీసులో ఫోన్ ఎత్తనివ్వరని కంపెనీకి ఇంటి నంబరు ఇచ్చి వెళ్ళావు.

ఫోన్ వచ్చింది తల్లీ. నువ్వు వెళ్ళిన వారంలోనే వచ్చింది.

ఎవరో అమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడింది.

"అమ్మా, మీ కంప్యూటర్ ఆగిపోతోందని కంప్లయింట్ ఉంది. ఇప్పుడెలా ఉందండీ?"

"బాగానే ఉందమ్మా. పొద్దున కూడా పాటలు విన్నాను."

"మీరు వాడుతుండగా ఎప్పుడైనా ఆగిందా?"

"నా చేతిలో ఒక్కసారి కూడా ఆగలేదు."

"మరి ఎవరు వాడితే ఆగుతోందమ్మా?"

"మా కోడలు వాడితేనే."

ఆ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను.

"అయితే పార్టులో లోపం కాదనుకుంటానమ్మా, వాడకంలో ఏదో తేడా ఉంది. అలా రాసి మూసేయమంటారా?" అంది. నేను "మీ ఇష్టమమ్మా" అన్నాను.

ఫోన్ పెట్టేశాక కూడా నాకు వెంటనే ఏమీ అనిపించలేదు. అడిగిందానికి ఉన్నదున్నట్టు చెప్పాననుకున్నాను. సాయంత్రం నువ్వు ఫోన్ చేసి "కంపెనీ నుంచి ఏమైనా..." అనగానే మాత్రం మాట మార్చాను. "ఇదిగో, పాప పిలుస్తోంది" అని ఫోన్ దానికిచ్చేశాను. పాప పిలవలేదు. ఆ తర్వాత నువ్వు ఎప్పుడడిగినా పాపకే ఇచ్చాను. దేవుడి ముందు కూర్చుని "నేను అబద్ధం ఆడలేదు స్వామీ" అని మొదలుపెట్టేదాన్ని. అంతటితో లేచి వచ్చేసేదాన్ని.

మొన్న పాప "అమ్మ చేసిన ఇల్లు చూపించు నానమ్మా" అని గొడవ పెట్టింది. నీ కంప్యూటర్లో వెతికి ఒక ఇల్లు తెరిచాను. గోడలన్నీ బూడిదరంగులో ఉన్నాయి.

"ఇలా కాదు, అమ్మ ఇక్కడ నొక్కితే రంగులొస్తాయి" అని వేలు పెట్టి చూపించింది. నొక్కాను. ఫ్యాన్ రొద మొదలైంది. ఒక మూల నుంచి గోడలకు రంగు రావడం, గచ్చు మీద ఎండ పడటం చూసి పాప చప్పట్లు కొట్టింది. అంతలో తెర నీలంగా అయిపోయింది.

"నానమ్మా! పాడు చేసేశావు!"

"నేనేం చేయలేదే" అన్నాను.

అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది. నీ కుర్చీలో, నీలాగే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మళ్ళీ తెరిచి మళ్ళీ నొక్కాను. మళ్ళీ పోయింది. నొక్కిన ప్రతిసారీ పోయింది. షాపాయనను పిలిస్తే, "పాటలు వినడానికి దానికేం కష్టమమ్మగారూ? మీ మోకాళ్ళు కుర్చీలో ఉంటే నొప్పెడతాయా? మెట్లెక్కితే కదా!" అన్నాడు. మరి ఆ రోజు సినిమాలు ఆడించి గుర్రమన్నారేమిటి అంటే, "నేనూ దాన్ని కుర్చీలోనే కూర్చోబెట్టానండీ" అని తల గోక్కున్నాడు. నేను దానికి ఎన్నడూ బరువైన పని పెట్టలేదు. పెట్టేదానివి నువ్వు. ఆ లోపాన్ని నీకు అంటగట్టాను.

ఆ సాయంత్రమే కంపెనీకి నేనే ఫోన్ చేశాను. ఈసారి మగ గొంతు.

"ముందు మీరే బాగుందన్నారు కదమ్మా" అన్నాడు.

"అన్నాను బాబూ. తెలియక అన్నాను. నేను పాటలు మాత్రమే విన్నాను. ఆ మాట తీసేయండి."

"తీసేయడం కుదరదమ్మా, రికార్డయింది. మళ్ళీ తెరవాలంటే కొన్నవాళ్ళే ప్రాసెసర్ పట్టుకుని మా సర్వీస్ సెంటర్‌కు రావాలి. ఆగిపోయేటప్పటి వీడియో ఉంటే తెండి. మార్చేదీ లేనిదీ చూశాక చెబుతారు."

ఆ సర్వీస్ సెంటర్ నువ్వున్న ఊళ్ళోనే ఉంది. వారంటీ ఈ నెలాఖరుతో అయిపోతుంది. నేను నోరు మూసుకుని గడిపిన రోజులన్నీ నీ వారంటీలోవే.

తెలియక అన్నానని ఆ అబ్బాయికి చెప్పాను. నీకు అలా రాయలేను. ఆ అమ్మాయి "వాడకంలో తేడా" అన్నప్పుడు, నువ్వు ఏ పని చేస్తే ఆగుతుందో నాకు తెలుసు. నా కళ్ళెదుటే కదా ఆగింది. "ఉండమ్మా, మా కోడలితో ఒక్క మాట మాట్లాడి చెబుతాను" అంటే సరిపోయేది. అనలేదు. అంతకాలం పక్కింట్లో చెప్పుకున్న మాటను కంపెనీ కూడా ఒప్పుకున్నట్టు అనిపించింది.

ఇంకొకటి ఉంది. దాన్ని రాయడానికి పొద్దుట్నుంచి రెండుసార్లు కలం కింద పెట్టాను. నువ్వు వెళ్ళాక పాప నా పక్కలో పడుకుంటోంది. నీ చెవి పట్టుకుని నిద్రపోయేది కదా, ఇప్పుడు నా చెవి పట్టుకుంటోంది. ఒకనాడు నిద్రమత్తులో నన్ను "అమ్మా" అంది. నేను "నానమ్మనే" అనలేదు. "ఊఁ" అన్నాను. నీకు గది అద్దెకిచ్చినావిడ పగటిపూట చూసుకుంటానంది, సెలవులకు పాపను తెచ్చి దింపండి అత్తయ్యా అని నువ్వడిగితే, దానికి బస్సు పడదన్నాను. దానికి బస్సంటే ప్రాణం. నీకు ఫోన్ సంగతి చెప్పకపోవడం భయం వల్లనే అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. భయం కొంతే. ప్రాసెసర్ వస్తే నువ్వు వస్తావు, నువ్వు వస్తే ఆ చెయ్యి మళ్ళీ నీ చెవి మీదికి వెళ్ళిపోతుంది. కన్నతల్లికి బిడ్డను దూరం పెట్టి, పొద్దున్నే దీపం వెలిగించుకున్నాను.

మీ ఆయనకు నిన్న అన్నీ చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "తను నవ్వనప్పుడైనా నేను వేళాకోళం ఆపాల్సిందమ్మా" అన్నాడు. వాడు ఫోన్ పట్టుకుంటే నేను బటన్ నొక్కాను, వీడియో తీశాం. తెర నీలం కావడం, ఆ కుర్చీలో నేనుండటం రెండూ అందులో కనబడతాయి. షాపాయన ప్రాసెసర్ విప్పి, దాని ప్లాస్టిక్ డబ్బాలో జాగ్రత్తగా పెట్టి ఇచ్చాడు.

ఈ ఉత్తరాన్ని పోస్టులో వేయడం లేదు. ఆదివారం గదిలోనే ఉంటావా అని నిన్న అడిగింది ఇందుకే. రేపు పొద్దున బస్సుకు పాపను తీసుకుని వస్తున్నాను. పాపనూ ఆ డబ్బానూ ఈ కవరునూ నీకు అప్పగించి, నేను కింద మెట్ల దగ్గర అరుగు మీద కూర్చుంటాను. నువ్వు తలుపు వేసుకుని తీరిగ్గా చదువుకో. పాప ఆగనివ్వదు, ముందు దాన్ని కాసేపు ఎత్తుకో.

చదివాక పిలవాలనిపిస్తే పిలు. సోమవారం సర్వీస్ సెంటర్‌కు నేనూ వచ్చి, ఆ రోజు మాట్లాడింది నేనే, చెప్పింది తప్పు అని కౌంటరు దగ్గర నిలబడి చెబుతాను. నా మొహం చూడాలనిపించకపోతే వీడియో చాలు, నేను సాయంత్రం బస్సుకు ఒక్కదాన్నే వెళ్ళిపోతాను. వాళ్ళు ప్రాసెసర్ మార్చి ఇచ్చినా ఇవ్వకపోయినా పాప నీ దగ్గరే ఉంటుంది. సంచిలో రెండు రోజుల బట్టలు సర్దలేదు, దాని బట్టలన్నీ సర్దాను.

పైన నీ కిటికీ వైపు చూడను. నువ్వు తొందరపడొద్దు.

ఇట్లు,
కింద అరుగు మీద కూర్చున్న
నీ అత్తయ్య