కుమారి గారి లాగిన్

జులై 7
కొత్త సాఫ్ట్‌వేర్‌కి సర్టిఫికెట్ వచ్చింది. చూపు లేనివాళ్ళు కూడా వాడుకోవచ్చని ముద్ర. మేనేజర్ మూర్తి గారు ఫ్రేము కట్టించి గుమ్మం ఎదురుగా తగిలించారు. మా ఏరియేటర్ల రిపేరు ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చునే కుమారి గారికి పుట్టుకతో చూపు లేదు. రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటరు ఆగితే రైతు ముందు వినేది ఆవిడ గొంతే. ఆవిణ్ణి పిలిచి ఒకసారి వాడి చూడమన్నారా? ఒక్కడూ అనలేదు.

జులై 8
ఆఫీసు కంప్యూటర్లు చూసేది నేనే కదా, కుమారి గారి పక్కన కూర్చున్నాను. ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవికిచ్చారు. తెర మీదున్నది కంప్యూటర్ చదువుతోంది — బటన్ పద్నాలుగు... బటన్ పదిహేను... ఏది ఫిర్యాదు రాయడానికో, ఏది ముగించడానికో దేవుడికి తెలియాలి. ప్రతి బటన్‌కీ పేరుండాలన్నది నిబంధన. పద్నాలుగు కూడా పేరేనట! వెతుక్కునేలోపు టైమైపోయి దానంతటదే లాగౌట్.
"పాతదైతే చకచకా కొట్టేసేదాన్ని తమ్ముడూ." నవ్వుతూనే అన్నారు.

జులై 10
మూర్తి గారికి చెప్పాను. "ఆడిట్‌లో పాసైందయ్యా. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నోడివి, వాళ్ళకంటే నీకు తెల్సా?"
బటన్‌కి పేరు మార్చడం తెలుసు. రెండ్రోజుల పని. వీల్లేదట. కోడ్ ముట్టుకుంటే సర్టిఫికెట్ మళ్ళీ తెచ్చుకోవాలట. ఆ ఫ్రేము పీకి గోదాట్లో పారెయ్యాలి.

జులై 14
పక్క సీటు నాగలక్ష్మి గారు కుమారి గారి పాస్‌వర్డ్ అడిగి తీసుకున్నారు. "మీకెందుకండీ శ్రమ, మీరు ఫోన్ మాట్లాడండి, నేను కొట్టేస్తాను." ఆఫీసంతా మెచ్చుకుంది. మూర్తి గారు నాతో — "చూసేవా, ఆవిడ ఎంట్రీలన్నీ పడతన్నాయ్."
పడుతున్నాయి. ఎవరి వేళ్ళతో?

జులై 18
ముసురు.

జులై 19
నిన్న సాయంత్రం రాజోలు వైపు నుంచి ఒక రైతు ఫోన్. ఏరియేటర్లన్నీ ఆగిపోయాయి. కుమారి గారు ఊరూ పేరూ పైకి చెప్పారు, నాగలక్ష్మి గారు కొట్టారు. మెకానిక్ వెళ్ళలేదు. తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోయాయి.
తెర మీద — ఫిర్యాదు పరిష్కరించబడింది. కింద కుమారి గారి పేరు.

జులై 21
మెమో కుమారి గారికే. రేపు సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం లేదు. ఆ సంజాయిషీ కూడా ఆ సాఫ్ట్‌వేర్‌లోనే రాయాలి!
రైతు మళ్ళీ ఫోన్ చేశాడు. "కళ్ళు లేనామెని కూర్చోబెట్టి నా కొంప ముంచేరు కదరా!" ఆవిడ ఆయ్... ఆయ్... అంటూ చివరిదాకా విన్నారు.
నాగలక్ష్మి గారు మెట్ల దగ్గర ఏడుస్తున్నారు. ఫిర్యాదు రాసే బటన్ బదులు ముగించే బటన్ నొక్కేశారట. చెప్పెయ్యండి అన్నాను. "ఆవిడ పాస్‌వర్డ్ వాడేనంటే నన్నూ తీసేస్తారు బాబూ..."

జులై 22
నేను టైప్ చేస్తానన్నాను. కుర్చీ కూడా లాగాను.
"వద్దు తమ్ముడూ. నా పేరు మీద ఇంకో చెయ్యి పడనివ్వను."
పక్క కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఆవిడకి రెండు లైన్లు పడ్డాయి. లాగౌట్. రెండూ పోయాయి. మళ్ళీ పాస్‌వర్డ్. మళ్ళీ అవే రెండు లైన్లు, ఇంకో సగం. లాగౌట్.
మూర్తి గారు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "అయిందా అండీ?"
నాగలక్ష్మి గారు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వెళ్ళరు. నోరు విప్పరు.
కుమారి గారు మళ్ళీ మొదటి నుంచి —