గడప పక్కన మట్టిమూకుడు

సుగుణా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ గండుపిల్లి నిన్న పాలు ముట్టలేదు. మాటిమాటికీ బూడిదకుప్పలో కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకమనుకుని ఆముదం పట్టించాను. సాయంత్రానికి కక్కింది. అది రోజూ పక్కింటి ఓబులమ్మ పెరట్లోకి పోతుంది. ఆమే చేపముక్కలో మందు పెట్టి ఉంటుందని నా అనుమానం.

పొద్దున్నే బుట్టలో పెట్టి జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు తీసుకుపోయాను. పశువుల డాక్టరు పొట్ట తడిమి, "విషం కాదప్పా, మూత్రం దారి మూసుకుపోయింది. ఇంకో పూట ఆగింటే చచ్చిపోయేది," అన్నాడు. ఆ మాట నేను నమ్మలేదు. మత్తిచ్చి సన్నని గొట్టం ఎక్కిస్తే నెత్తురు మూత్రంతో పాటు ఇసుకలాంటి నలుసులు పడ్డాయి.

"నీళ్లు బాగా తాగుతాందా?" అని అడిగితే, పాలు పోస్తున్నానని చెప్పాను. గొట్టం రెండు రోజులుండాలని పిల్లిని అక్కడే పెట్టుకున్నాడు.

ఇంటి ముందర ఓబులమ్మ ఎదురైంది. "మీ పెరట్లో ఏం తిన్నదో ఏమో," అన్నాను.

"తినేదేంది మామా? తొట్టిలో నీళ్లకొస్తాండె. అత్త పోయినాక నీ ఇంట్లో దానికి చుక్క పెడితివా?"

నువ్వు గడప పక్కన పెట్టే మట్టిమూకుడు అటకెక్కించింది నేనే. ఇందాక దించి కడిగాను. పిల్లి వచ్చేది ఎల్లుండి. నీళ్లు మాత్రం ఇప్పుడే పోసి పెట్టాను.