నీ కల్లానికి ట్యాంకర్

ఒరేయ్ వెంకటేశ్వర్లూ,

మీ ఊరూ మా ఊరూ నీళ్ల ట్యాంకర్‌ని కలిసి వాడుకోవాలని ఇవాళ రెండు పంచాయతీలూ తీర్మానం చేశాయి. మా ఊరి సర్పంచిగా సంతకం పెట్టాను. అప్పట్నుంచీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

నిరుడు నీ మిరపకాయల కల్లం అంటుకున్నప్పుడు ట్యాంకర్ పంపమని నాకే ఫోన్ చేశావు. "తీర్మానం లేకుండా ఊరు దాటిస్తే నన్ను నిలదీస్తార్రా" అన్నాను.

"నీ నీళ్లు నువ్వే ఉంచుకోరా" అని పెట్టేశావు. బిందె పట్టుకుని మంటల్లోకి వెళ్లినవాడివి మళ్లీ బయటికి రాలేదు.

ఇందాక సంతకం తడి ఆరకముందే ట్యాంకర్ నింపించి నీ కల్లానికి పంపాను. డ్రైవర్ ఫోన్ చేశాడు.

"ఇక్కడ కాయల్లేవు, మంటా లేదండీ. ఈ నీళ్లేం చెయ్యమంటారు?"

"తడపవయ్యా" అన్నాను. "కల్లమంతా తడుపు."