పడవ అంచు పట్టుకున్న పదకొండు నిమిషాలు

అన్నయ్యా,

ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఎదురుగా చెబుదామంటే, పట్టీ వేసిన నీ మోకాలు చూడగానే నోరు పెగలడం లేదు. ఆ దెబ్బతో నువ్వు ట్రయథ్లాన్ పోటీలు మానేశాక, నీ బదులు నేనే ఈదుతున్నాను, సైకిల్ తొక్కుతున్నాను, పరుగెత్తుతున్నాను.

మొన్నటి పోటీలో, ఈత దగ్గర పదకొండు నిమిషాలు ఎక్కడ పోయాయని వాచీ చూసి అడిగావు. కండరాలు పట్టేశాయన్నాను. అది అబద్ధం. సముద్రం మధ్యలో రక్షణ పడవ అంచు పట్టుకుని ఆగిపోయాను.

"పైకెక్కుతావా అమ్మా?" అన్నాడు పడవాయన.

"ఎక్కితే పోటీ అయిపోయినట్టేనా?"

"అంతేగా మరి. పట్టుకుని ఎంతసేపున్నా పర్లేదు."

ఎక్కేయాలనే అనిపించింది. ఒడ్డున నువ్వు కుంటుతూ అటూ ఇటూ తిరుగుతుంటావని గుర్తొచ్చి చెయ్యి వదిలేశాను.

అయినా నిరుటికంటే నలభై నిమిషాలు ముందే ముగించానని నువ్వు ఏడ్చేశావు. ఆ సాయంత్రమే వచ్చే ఏటికి నా పేరు రాయించి, "ఇంకో ఇరవై తగ్గిద్దాం చెల్లీ" అన్నావు. నేను తలూపాను.

ఆ పేరు తీయించెయ్యి. నువ్విది చదివేసరికి, వెనక చక్రాన్ని స్టాండుకు బిగించిన సైకిల్ మీద, సాధనకని నువ్వు రాసిచ్చిన మూడు గంటలూ పక్కగదిలో తొక్కుతూ ఉంటాను. నా అంతట నేను దిగలేను. వచ్చి దిగమని చెప్పు.

నీ చెల్లి