బోర్డు మీద అమ్మ చేతులు

కిష్టారెడ్డిపేట,
ఆదివారం.

తమ్ముడు మహేశ్‌కు అక్క ఆశీస్సులు.

నేనిక్కడ బాగానే ఉన్న. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది? పెద్దమ్మ కండ్ల ఆపరేషన్ అయిందా? ఫోన్ చేయక ఈ ఉత్తరమేంది అనుకుంటవు. ఫోన్‌లో తిడితే కట్ చేస్తవు. కాయితానికి ఆ బటన్ లేదు.

నీ జొన్నరొట్టెల దుకాణం బోర్డు ఫోటో చూసిన. అమ్మ మొహానికి సున్నం కొట్టి, మెడలో ఎవరిదో బంగారం వేసి, పట్టుచీర కట్టించిన ఆ ఫ్లెక్సీ ఆయనకు దండం పెట్టాలె. దాన్ని చూసి "సూపర్ ఉన్నది" అన్నందుకు నీకు రెండు దండాలు. పొయ్యి ముందు జన్మంతా కూర్చున్న మనిషి ఏ రంగుంటదో కొడుక్కే గుర్తులేదు, ఇగ ఆయనకేం పట్టింది. అమ్మ నాతో ఏమన్నదో తెలుసా? "గామె ఎవరో నాకు తెల్వది బిడ్డా. రొట్టెలు సుత గామెతోనే చేపిచ్చుకోమను." ఆ బోర్డు దిగేదాకా ఆమె పిండి ముట్టదు, నీ దుకాణం తెరుచుకోదు. మంచిగయింది.

అందుకే కొత్త బోర్డు నేనే చేస్తనన్న. నెల రోజుల నుంచి, డ్యూటీ దిగంగనే పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటున్న. వీడియోల్లో నేర్పే మహానుభావుల సంగతి చెప్పొద్దు. సగం సేపు నమస్కారాలు, మిగతా సగం "చాలా ఈజీ ఫ్రెండ్స్" అనుకుంట మౌస్‌ను ఎలుకలాగా ఉరికిస్తరు. లేయర్ అంటే అద్దం మీద అద్దం పెట్టినట్టు, ఏ అద్దం మీద గీస్తున్నవో చూసుకో అంటే అయిపోయె. ఆ ముక్క చెప్పడానికి ఒకాయనకు పదకొండు వీడియోలు పట్టినయి. కంపెనీ బస్సులో పోతుంటే దారి పొడుగునా లీడర్ల ఫ్లెక్సీలే. లక్డారం కాడ నలుగురికి ఒకటే చొక్కా, తలకాయలే వేరు. ఇది వాళ్ల డిజైన్.

ఇక్కడ వానలు. మెస్‌లో నీళ్ల పప్పు. జొన్నరొట్టె అడిగితే వంటాయన నవ్వుతడు, ఆయన మొహానికి నవ్వొకటి తక్కువ. ఊరు యాదికొస్తది, అబద్ధమెందుకు. నా గురించి ఫికర్ చేయొద్దని అమ్మకు చెప్పు.

నా పని నీకు తెలుసు. ఇంజెక్షన్ మందు సీసాను లైటు ముందు పెట్టి, లోపల నలుసు కనబడితే పక్కకు తీసుడు. నా కంటికి దొరకని నలుసు లేదు. ఆ ఫ్లెక్సీ ఆయనకు ఈ కన్నెక్కడిది అనుకుని, దసరాకు వచ్చినప్పుడు నేను తీసిన అమ్మ ఫోటో ముందేసుకున్న. పొయ్యి ముందు రొట్టె కొడుతున్న ఫోటో. మొహం రంగు ముట్టుకోలేదు. మిగతాదంతా మా కంపెనీ లైన్ మీద సీసాను చూసినట్టే చూసిన. మరక కనబడితే తుడిచిన, చుక్క కనబడితే తీసిన. అయిపోయినంక నన్ను నేనే మెచ్చుకున్న.

నా రూమ్‌మేట్ ఒడిశా పిల్ల సుమిత్రకు చూపిస్తే తెర మీద వేలు పెట్టింది. "దీదీ, ఈ చేతులు రొట్టె చేసేటివి కావు" అన్నది. దానికేం తెలుసులే అనుకుని జూమ్ చేసిన. గోర్లల్ల పిండి లేదు. వేళ్ల మీద కాలిన గుర్తుల్లేవు. ఎడమ మణికట్టు మీద నెలవంకలాంటి మచ్చ ఉంటది కదా, అదీ లేదు. నువ్వప్పుడు పుట్టలేదు. ఆకలైతుందని నేను కొంగు గుంజితే ఆమె చెయ్యి పెనానికి తాకి పడ్డ మచ్చ అది. నావల్ల పడ్డదాన్ని నలుసనుకుని నేనే తీసేసిన. ఫ్లెక్సీ ఆయన మొహం మార్చిండు, నేను చేతులు మార్చిన. పైగా అసలు ఫోటో మీదనే సేవ్ చేసిన, ఇగ పాతది లేదు. నెల రోజులు నేర్చుకున్న నా తెలివి ఇది. సిగ్గుగా ఉన్నది తమ్ముడా.

అందుకని ఒక పని చెయ్యి. ఆ బోర్డు ఇయ్యాలనే దించు. దించినవని చెప్పి, అమ్మను ఒక్క రొట్టె చెయ్యమని అడుగు, నాకోసమని చెప్పు. చేస్తుండంగ దగ్గరి నుంచి ఫోటో తీసి పంపు. ఈసారి బోర్డు మీది అక్షరాలు తప్ప ఏం ముట్టుకోను.

పెద్దమ్మకు, పెదనాయినకు నా దండాలు. అమ్మ కాళ్లకు నా మొక్కులు. ఫోటో అనంగనే ఆమె చేతులు కడుక్కోవడానికి లేస్తది. లేవనియ్యకు.

నీ అక్క,
లావణ్య