సన్యాసికి కళ్ళు దిద్దే రోజు

బుధవారం రాత్రి

పంజాగుట్ట హోటల్ గోడ మీద నెలగా వేస్తున్న అజంతా బొమ్మ ఇవాళ పూర్తి కావాల్సింది. రాజు తన చేతులు నరికిస్తున్నా కోపం తెచ్చుకోని సన్యాసి కథ అది. తాతల నాటి నుంచి బొమ్మలు వేసే మా ఇంట్లో బొమ్మకు కళ్ళు చివరనే దిద్దుతాం. ఆ రోజు పచ్చి మంచినీళ్ళు ముట్టం, ఎవరినీ పల్లెత్తు మాట అనం.

నేను వెళ్ళేసరికి ఓనర్ సుత్తితో సన్యాసి మొహం మీద పెచ్చులూడగొడుతున్నాడు.

"అజంతల గిట్లనే ఊడిపోయి ఉంటది గద భాయ్! నీది మస్తు కొత్తగున్నది. జర పాతగ జేస్తున్న," అని నవ్వాడు.

సుత్తి ఎప్పుడు లాక్కున్నానో తెలియదు. ఓనర్ మొహం మీద కొట్టాను. కింద పడ్డాక కూడా కొట్టాను. నాతో రంగులు వేసే యాదగిరి నడుం పట్టి వెనక్కి లాగాడు.

"ఇడువన్నా, సచ్చిపోతడు!"

నేను ఆగలేదు, వాడు ఆపాడు. వాడు లేకపోతే?

ఇప్పుడే ఆస్పత్రి నుంచి యాదగిరి ఫోన్ చేశాడు. ఓనర్ ప్రాణానికి ఫికర్ లేదట. ఎడమ కన్ను మాత్రం పోయిందట.

పోలీసులు పొద్దున్నే వస్తారేమో. సన్యాసికి కళ్ళు దిద్దాలని కొన్న సన్నకుంచె ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది.