మునిరత్నం ఊపిరి

మదనపల్లె, 2003
ఆదివారం రాత్రి

మునిరత్నం భార్య సుజాత పుంగనూరు నుంచి వచ్చింది. వాడు పోయి నెలయింది. బీరువాలో దొరికిందని ఒక క్యాసెట్ తెచ్చింది.

"రిపేరు షాపాయన టేపు చెడిపోయిండాది అన్నాడన్నా. పైన నీ చేతిరాత ఉండాదని తెచ్చినా."

చెడిపోలేదు. కుప్పంలో చదివేటప్పుడు గదిలో మేమిద్దరం రికార్డు చేసిన డెత్ మెటల్ అది, గొంతు చించుకుని అరుస్తూ పాడే రాక్ సంగీతం. నా గిటారు, వాడి అరుపు. దానిమీద ఎవరూ భక్తి పాటలు ఎక్కించకుండా అంచున ప్లాస్టిక్ ముక్కలు విరిచింది కూడా నేనే.

పెట్టాను. ఆమె కదలకుండా వింది.

"ఇంట్లో గట్టిగా పిలిసేవాడు కూడా కాదే. యాల అట్ల అరిసినాడు? యాడన్నా నొప్పా?"

"నొప్పి కాదమ్మా, పాటే," అన్నాను. ఏడుపు రాలేదు. ఇన్నేళ్లుగా ఇలాంటి అరుపులు వింటే లోపల ఏదో సర్దుకునేది. నెల నుంచి అదీ లేదు.

రెండో పాటకు ముందు వాడు ఊపిరి పీల్చాడు. ఆస్తమా పిల్లికూత సన్నగా వినిపించింది. సుజాత చెయ్యెత్తింది.

"ఆపన్నా. ఇదీ ఆయన."

మళ్లీ వెనక్కి తిప్పమంది. అరుపు మొదలవగానే మళ్లీ. బస్సుకు లేస్తూ, "అరుపులొద్దు, ఆ ఊపిరొకటే ఎక్కించియ్యన్నా," అంది. సరేనన్నాను.

ఖాళీ క్యాసెట్ పెట్టుకుని కూర్చున్నాను. పిల్లికూత అవగానే ఆపెయ్యాలి. వేలు స్టాప్ బటన్ మీదే ఉంది, నొక్కలేకపోతున్నాను. అంత ఊపిరి తీసుకున్నవాడు అరవకుండా ఆగిపోతే...